ఐటెం ఎవరిది? మెజీషియన్లు పేరు చెప్పే పద్ధతి, పేరు నిలుపుకునే పద్ధతి

రవీంద్రభారతిలో ఆదివారం చేసిన ఐటెం నెల తిరక్కుండానే మియాపూర్‌లో ఎవరి పాప బర్త్‌డేలోనో ఇంకో మెజీషియన్ చేతిలో కనిపిస్తుంది. అదే పాట, అదే జోకు, జోకు తర్వాత అదే దగ్గు. వాట్సాప్ గ్రూపుల్లో గొడవ మొదలు: "నా ట్రిక్కు కొట్టేసిండు." అవతలి జవాబూ తయారుగానే ఉంటుంది: "ఇది మీ తాత కనిపెట్టిండా?" ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. ట్రిక్కు అనే ఒక్క మాట కింద ఐదు వేర్వేరు సంగతులు ఉన్నాయి. వాటిని విడదీయనిదే ఎవరి పేరు చెప్పాలో తేలదు, ఎవరిది ఎవరు తీశారో కూడా తేలదు.

ముందు ఐటెంను విప్పండి

కాగితం మీద ఐదు గళ్ళు గీయండి. ఎఫెక్ట్: ప్రేక్షకుడు ఇంటికెళ్ళి పక్కింటివాళ్ళకు చెప్పేది. మెథడ్: వెనకాల నిజంగా జరిగేది. హ్యాండ్లింగ్: ఆ మెథడ్‌ను మీ చేతులు నడిపే తీరు, ఏ వేలు ఎక్కడుండాలి, ఏ క్షణంలో మీ చూపు ఎటు పోవాలి. ప్రెజెంటేషన్: ప్యాటర్ (ఐటెం చేస్తూ చెప్పే మాటలు), పాత్ర, సంగీతం, వరస. చివరిది ప్రాప్, అంటే వస్తువు, దాని డిజైన్.

ఒక ఊహా ఐటెం తీసుకుందాం. మెజీషియన్ ఇరానీ కేఫ్ వెయిటర్ వేషంలో వస్తాడు. ఉస్మానియా బిస్కట్ మీద ప్రేక్షకుడి చేత సంతకం చేయించి, నాలుగు ముక్కలు చేసి ఖాళీ కప్పులో వేసి, సాసర్ మూత పెడతాడు. "ఏక్ చాయ్, దో పానీ" అని మూడుసార్లు కేక వేస్తాడు. మూడో కేకకు సాసర్ తీస్తే సంతకంతో సహా బిస్కట్ మొత్తంగా ఉంటుంది. ఇందులో విరిగింది అతుక్కోవడం అనే ఎఫెక్ట్ ఎవరి సొత్తూ కాదు. కాగితం, తాడు, పేక ముక్క, చేతిరుమాలు, దేనితోనైనా వందేళ్ళకు పైగా చేస్తూనే ఉన్నారు. మెథడ్ ఏదో పుస్తకంలోదైతే ఆ రచయితది. వెయిటర్, మూడు కేకలు, సాసర్ తీసే క్షణం, వీటి అల్లిక మాత్రం చేసినవాడి సొంతం. రేపు ఇంకొకరు రొట్టెతో "విరిగి అతుక్కునే" ఐటెం చేస్తే దొంగతనం కాదు. వెయిటర్ వేషంలో అదే కేకతో కాజా బిస్కట్‌తో చేస్తే, మెథడ్ పూర్తిగా వేరైనా సరే, అది కాపీయే.

చట్టం కూడా గీత దాదాపు ఇక్కడే గీస్తుంది. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉందని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. 1957 కాపీరైట్ చట్టం నాటక రచనకు ఇచ్చిన నిర్వచనంలో మాటలు లేని మూకాభినయం కూడా ఉంది. షరతు ఒక్కటే: అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. అదే చట్టం "ప్రదర్శకుడు" అంటే ఎవరో చెబుతూ నటుడు, గాయకుడు, నర్తకుడితో పాటు ఇంద్రజాలికుణ్ణి, పాములవాణ్ణి కూడా పేరుపెట్టి లెక్కలో వేసింది. మన వృత్తివాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

అమెరికాలో టెల్లర్ అనే మెజీషియన్ వేసిన కేసు ఈ గీతకు మంచి ఉదాహరణ. కుండీలో గులాబీ, దాని నీడ తెర మీద. టెల్లర్ కత్తితో నీడను కోస్తుంటే అసలు గులాబీ రేకులు రాలతాయి. ఆయన దాన్ని 1983లోనే మూకాభినయంగా రిజిస్టర్ చేయించారు. 2012లో ఒక యూరప్ ప్రదర్శకుడు అలాంటిదే చేసి వీడియో పెట్టి, రహస్యం అమ్ముతానన్నాడు. తన మెథడ్ వేరని వాదించాడు. ట్రిక్కుకు కాపీరైట్ లేదు, కానీ ప్రేక్షకుడి కంటికి కనిపించే నాటకానికి ఉందని కోర్టు 2014లో టెల్లర్ వైపే తీర్పిచ్చింది. నష్టపరిహారం 15,000 డాలర్లు, లాయర్ల ఖర్చు అదనం.

మరి రహస్యానికి పేటెంట్ తీసుకుంటే? తీసుకోవచ్చు, కానీ పేటెంట్ అంటేనే ఎలా చేస్తారో రాసి ప్రభుత్వం చేతిలో పెట్టడం. మన దేశంలో దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురితమైపోతుంది. మనిషిని రంపంతో కోసే ఐటెంకు హొరేస్ గోల్డిన్ 1923లో అమెరికా పేటెంట్ సంపాదించారు. పదేళ్ళకు ఒక సిగరెట్ కంపెనీ ఆ రహస్యాన్ని తన ప్రకటనల్లో బొమ్మలు వేసి చూపించింది. ఆయన వేసిన దావా నిలబడలేదు. అన్నట్టు, ఆ ఐటెంను మొదట జనం ముందు చేసింది గోల్డిన్ కాదు, 1921 జనవరిలో లండన్‌లో పి.టి. సెల్బిట్. పేటెంట్ ఒకరిది, ముందు చేసింది ఇంకొకరు. రెండూ రాస్తేనే క్రెడిట్ పూర్తవుతుంది.

మూలం వెతకడం

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, తాము ఎవరి దగ్గర చూశారో వాళ్ళనే సృష్టికర్త అనుకోవడం. యూట్యూబ్‌లో నేర్పినవాడు సృష్టికర్త కాదు. ప్యాకెట్ మీద పేరున్న డీలర్, అంటే మ్యాజిక్ సామాను అమ్మేవాడు, కూడా చాలాసార్లు కాదు. మన దేశంలో డీలర్లు విదేశీ ఐటెంకు కొత్త పేరు పెట్టి, ఇన్‌స్ట్రక్షన్ కాగితంలో అసలు పేరు ఎగరగొట్టి అమ్మడం మామూలే. అందుకని పేరుతో వెతికితే దొరకదు. ఎఫెక్ట్‌ను ఒక్క వాక్యంలో, వస్తువు పేరు లేకుండా రాసుకుని దాన్ని పట్టుకుని వెతకండి. "బిస్కట్ ట్రిక్కు" అని వెతికితే ఏమీ రాదు. "సంతకం చేసిన వస్తువు విరిగి, మూత కింద అతుక్కోవడం" అనుకుంటే దారి దొరుకుతుంది.

వెతకడానికి వరస ఉంది. ముందు మీరు నేర్చుకున్న పుస్తకంలో ఆ ఐటెం చివర చిన్నక్షరాల్లో ఉండే క్రెడిట్ పేరా చదవండి. మనం మెథడ్ చదివేసి పేజీ తిప్పేది సరిగ్గా అక్కడే. తర్వాత డెనిస్ బెర్ నడిపే కంజ్యూరింగ్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో చూడండి. ఏ ఐటెం ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో అందులో దొరుకుతుంది, రహస్యం మాత్రం ఉండదు. పాత పత్రికలు కావాలంటే కంజ్యూరింగ్ ఆర్ట్స్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళ ఆస్క్ అలెగ్జాండర్ అనే ఆన్‌లైన్ భండారంలో వెతకండి. ఆఖరున ఊళ్ళో ఉన్న సీనియర్‌ను అడగండి. ఆఖరున ఎందుకంటే సీనియర్ల జ్ఞాపకం పేర్ల విషయంలో గట్టిది, సంవత్సరాల విషయంలో జారుతుంది. ముందు మీరు కొంత వెతికి వెళితే వాళ్ళు చెప్పింది సరిచూసుకోగలుగుతారు.

దొరికిందంతా ఒకే నోటుపుస్తకంలో, ఐటెంకు ఒక పేజీ. పేజీ ఇలా ఉంటే చాలు:

ఐటెం: మూడు తాళ్ళు. ఎఫెక్ట్: పొట్టి, మధ్యరకం, పొడుగు తాళ్ళు ఒకే కొలతకు వచ్చి మళ్ళీ విడిపోవడం. మూలం: బాబ్ కార్వర్ పేరు మీద ఉంది; ప్రొఫెసర్స్ నైట్‌మేర్ అన్న పేరుతో అమ్మింది జీన్ గ్రాంట్. హ్యాండ్లింగ్: గురువుగారు నేర్పినది, చివర ముడి నాది. ప్రెజెంటేషన్: ముగ్గురు అన్నదమ్ముల పొలం పంపకం, నాది, మొదటి షో తేదీ ఫలానా. వీడియో: ఫలానా ఫైలు.

ఐదు నిమిషాల పని. షో అయ్యాక రాద్దామనుకుంటే ఎప్పటికీ రాయరు.

ఒక్క ఐటెంలో రెండు మూడు పేర్లుండటం మామూలే. ట్విస్టింగ్ ది ఏసెస్ అనే పేక ఐటెం డై వెర్నన్‌ది, కానీ అందులో ముక్కలు లెక్కపెట్టే పద్ధతి అలెక్స్ ఎల్మ్స్లీది. "ఎల్మ్స్లీ కౌంట్" అని నోటితో అన్నప్పుడల్లా ఒకరికి క్రెడిట్ ఇచ్చినట్టే. వెర్నన్ పేరే మనం మింగేస్తుంటాం. అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్ అనే ఇంకో పేక ఐటెం పాల్ కర్రీది, 1942. దానికి పుట్టిన మార్పులకు లెక్కలేదు. మీరు చేసే రూపం ఎవరిదో కూడా రాయాలి.

కప్పులు బంతులు, బుట్ట గారడీ, మామిడి మొక్క లాంటి వాటికి ఒక మనిషి పేరు దొరకదు. అలాంటప్పుడు "పాతది" అని వదిలేయకండి. "మన వీధి గారడీవాళ్ళ ఐటెం, ఫలానా ప్రాంతంలో ఫలానా కుటుంబం దగ్గర నేర్చుకున్నది" అని రాయండి. కలిపే రింగులను చైనీస్ రింగ్స్ అని చైనాకు క్రెడిట్ ఇవ్వడానికి మనకు నోరు వస్తుంది. మామిడి మొక్కను స్టేజీ ఎక్కించి కోటు వేసుకున్నాక గారడీవాడి పేరు మాత్రం రాదు.

అనుమతి అడిగేటప్పుడు నాలుగు హక్కులు విడివిడిగా

డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి అన్నీ మనవే అనుకోవడం ఇంకో పొరపాటు. కొన్నప్పుడు మామూలుగా వచ్చేది జనం ఎదుట ప్రత్యక్షంగా చేసే హక్కు ఒక్కటే. టీవీలో, యూట్యూబ్‌లో చేయడం వేరు. ఇంకొకరికి నేర్పడం వేరు. ప్రాప్ తయారుచేసి అమ్మడం పూర్తిగా వేరు. కొనే ముందు ప్యాకెట్ మీదా వెబ్‌సైట్ మీదా ఈ నాలుగింటిలో ఏవేవి ఉన్నాయో చూడండి, లేకపోతే అడగండి. ఉత్తరం చిన్నదిగా ఉంటేనే జవాబు వస్తుంది:

"సార్, నమస్కారం. మీ ఫలానా ఐటెం మీ లెక్చర్ నోట్స్ నుంచి నేర్చుకున్నాను. హైదరాబాద్‌లో కార్పొరేట్ షోలలో తెలుగు ప్యాటర్‌తో చేయాలనుకుంటున్నాను. చివరి భాగం మార్చాను, వీడియో జత చేశాను. ప్రత్యక్ష ప్రదర్శనకు, నా యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వగలరా? నేర్పడం, అమ్మడం చేయను. మీ పేరు ఎలా రాయమంటారో చెప్పండి."

జవాబు రాకపోతే అది అనుమతి కాదు. రెండు వారాలకు ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఆ ఐటెంను వీడియోలోకి ఎక్కించకండి.

ఎవరిచేతనైనా రొటీన్ రాయించుకున్నా, మీది ఇంకొకరికి అమ్మినా కాగితం మీద కాలం, ప్రాంతం తప్పక రాయండి. కాపీరైట్ బదిలీ పత్రంలో కాలం లేకపోతే చట్టం ఐదేళ్ళు అనుకుంటుంది, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఆరో ఏట దుబాయ్ తెలుగు సంఘం షోకు వెళ్ళే ముందు తెలుసుకోవాల్సిన సంగతి కాదు ఇది. హక్కులన్నీ అమ్మేసినా రాసినవాడిగా తన పేరు చెప్పుకునే హక్కు మాత్రం రాసినవాడి దగ్గరే ఉంటుంది.

క్రెడిట్ ఎక్కడ చెప్పాలి

బర్త్‌డే పార్టీలో పిల్లల ముందు ఆగి "ఈ ట్రిక్కు ఫలానావారిది" అనక్కర్లేదు. ప్రేక్షకుడికి ఆ పేరుతో పని లేదు, పైగా ఫోన్ తీసి పేరు కొట్టి చూస్తే రహస్యమే దొరకవచ్చు. తోటి మెజీషియన్లు ఉన్న ప్రతిచోటా మాత్రం చెప్పి తీరాలి: లెక్చర్‌లో, నోట్స్‌లో, పోటీ ఫారంలో, శిష్యుడికి నేర్పేటప్పుడు, అమ్మే వస్తువు కాగితం మీద. యూట్యూబ్ వీడియోలో అయితే సృష్టికర్త పేరు, ఐటెం పేరు డిస్క్రిప్షన్‌లో చాలు, మెథడ్ పేరు రాయకండి. "డబుల్ లిఫ్ట్ ఫలానావారిది" అని కింద రాస్తే క్రెడిట్ ఇచ్చినట్టూ అవుతుంది, గుట్టు విప్పినట్టూ అవుతుంది.

క్రెడిట్ చెప్పే వాక్యంలో నాలుగు సంగతులుండాలి: ఎవరు, ఐదు గళ్ళలో ఏది, ఎక్కడి నుంచి, మీరేం మార్చారు. "స్ఫూర్తి: వెర్నన్" అంటే ఏమీ చెప్పనట్టే. "ఎఫెక్ట్, మెథడ్ డై వెర్నన్; కౌంట్ ఎల్మ్స్లీ; నాలుగో ముక్క రంగు మారడం, తెలుగు ప్యాటర్ నావి" అంటే పూర్తయింది. "నా వర్షన్" అన్న మాట జాగ్రత్తగా వాడండి. చేతిరుమాలు రంగు మార్చి "నా వర్షన్" అనేవాళ్ళ వల్ల ఆ మాటకు విలువ పోయింది.

సృష్టికర్త మార్కెట్లోకి వదలనిది, తన షో కోసం దాచుకున్నది మీకు ఎంత పేరు చెప్పినా చేసే హక్కు రాదు. పేరు చెప్పడం అనుమతికి బదులు కాదు. అమెరికా మెజీషియన్ల సంఘాలు ఎస్.ఎ.ఎం. (సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్), ఐ.బి.ఎం. (ఇంటర్నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ మెజీషియన్స్) కలిసి ఒప్పుకున్న నీతి నియమాల్లోనూ ఈ మాట ఉంది: సృష్టికర్త ఐటెంను తానొక్కడే ఉంచుకోవచ్చు, ఇతరులకు అనుమతి ఇవ్వనూ వచ్చు.

కార్పెంటర్, అసిస్టెంట్

రహస్యం ఎక్కువగా బయటికి పోయే దారి ఇది. నిలువు పెట్టెలో మనిషిని మూడు ముక్కలు చేసి నడుము భాగాన్ని పక్కకు జరిపే జిగ్ జాగ్ గర్ల్ రాబర్ట్ హార్బిన్ 1965లో తెచ్చిన ఐటెం. వీడియో చూసి దాని పెట్టెను ప్లైవుడ్‌తో దింపేసిన కాపీలకు ప్రపంచంలో కొదవ లేదు. నీతి సంగతి అలా ఉంచండి. వీడియోలో బయటి కొలతే కనిపిస్తుంది, లోపలి ఖాళీ కనిపించదు. ఊహించి కట్టిన పెట్టెలో అసిస్టెంట్ భుజం ఇరుక్కుంటుంది, లేదా పక్క సీట్లో కూర్చున్నవాడికి అంతా కనిపిస్తుంది. ప్లాన్ కొనుక్కుంటే పేరుకు పేరు, ప్రాణానికి ప్రాణం దక్కుతాయి.

మీ సొంత డిజైన్ అయితే పని ముక్కలు చేయండి. పెట్టె ఒక కార్పెంటర్‌కు, లోపలి ఇనుప ఫ్రేము ఇంకో పేటలోని వెల్డర్‌కు ఇవ్వండి, బిగించడం మీ ఇంట్లో. డ్రాయింగ్ ప్రతి కాపీకీ నంబరు వేసి, పని అయ్యాక వెనక్కి తీసుకోండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపకండి, కాగితమే చూపించండి. ఫొటో పంపితే నెలలోపే డీలర్ కేటలాగులో చూసుకుంటారు. పెట్టె లోపలి చెక్క మీద తేదీ, సంతకం వేసి ఫొటో తీసుకోండి.

అసిస్టెంట్‌తో గోప్యత ఒప్పందం రాసుకోండి. అందులో "ఇకపై మ్యాజిక్ చేయకూడదు" అని రాస్తే ఆ షరతు చెల్లదు. వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఒప్పుకోదు. "ఫలానా ఐటెంల రహస్యం, డ్రాయింగులు, ప్యాటర్ బయటికి చెప్పను, వాడను" అని ఐటెం పేర్లతో రాస్తే నిలబడే అవకాశం ఎక్కువ.

మీది మీదే అని చూపించడానికి

కవర్లో పెట్టి తన అడ్రసుకే పోస్టు చేసుకుని సీలు తీయకుండా దాచుకోవడం పాత అలవాటు. అంటించని కవరు కూడా పోస్టులో వస్తుంది, లోపల కాగితం తర్వాత పెట్టవచ్చు. ఈ ఎదురు ప్రశ్నకు జవాబుండదు. దానికంటే రిహార్సల్ పూర్తి వీడియో కట్ లేకుండా తీసి, మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి.

ఆ పైన స్క్రిప్టు రాసి కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయించండి. నాటక రచనకు ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు పెట్టగానే డైరీ నంబరు వస్తుంది, అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు, తర్వాతే పరిశీలన. రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ ఉంటుంది, కానీ కోర్టులో ఆ సర్టిఫికెట్టు తొలి సాక్ష్యం. స్క్రిప్టులో ప్రేక్షకుడు చూసేది, వినేది మాత్రమే రాయండి: వెయిటర్ ఎటు నుంచి వస్తాడు, తువ్వాలు ఏ భుజం మీద, సాసర్ ఏ కేకకు లేస్తుంది, లైటు ఎప్పుడు మారుతుంది. మెథడ్ ఒక్క ముక్క కూడా వద్దు. దాన్ని ఈ చట్టం ఎలాగూ కాపాడదు, మీరు మాత్రం రాసిచ్చిన వాళ్ళవుతారు. అర పేజీ స్క్రిప్టు పనికిరాదు. ఎంత వివరంగా రాస్తే కాపీని అంత సులువుగా పక్కన పెట్టి పోల్చవచ్చు.

పోయిందని తెలిసినప్పుడు

మొదటి గంటలో గ్రూపులో ఏమీ రాయకండి. మీరు రాసింది తప్పని తేలితే పరువునష్టం కేసు మీ మీదికే వస్తుంది. వీడియో లింకు, తేదీ, స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. ఏ ఫోన్‌తో తీశారో గుర్తుంచుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ పరికరం వివరాలూ ఫైలు హాష్ విలువా (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. తర్వాత అవే ఐదు గళ్ళు గీసి, మీది ఒకవైపు, వాళ్ళది ఒకవైపు నింపండి. ఎఫెక్ట్ గడి ఒక్కటే కలిస్తే అక్కడితో వదిలేయండి. మెథడ్ కూడా కలిసినా, ఇద్దరూ ఒకే పుస్తకం చదివి ఉండవచ్చు. ప్రెజెంటేషన్ గడిలో మూడు నాలుగు సంగతులు అదే వరసలో కలిస్తే ఫోన్ చేయండి.

ఫోన్‌లో నింద వద్దు, ప్రశ్న చాలు: "అన్నా, మొన్న గచ్చిబౌలి షోలో మీ బిస్కట్ ఐటెం వీడియో చూసిన. మంచిగుంది. అది ఏడ నేర్చుకున్నరు?" సగం కేసులు ఇక్కడే తేలతాయి. ఎవరో వర్క్‌షాపులో నేర్పారంటే మీ అసలు గొడవ ఆ నేర్పినవాడితో. "నేనే చేసిన" అంటే రిహార్సల్ వీడియో తేదీ చెప్పి, వేషం, కేకలు మార్చమని అడగండి. వినకపోతే అదే మాట రాతలో, స్పీడ్ పోస్టులో. ఈవెంట్ మేనేజర్‌కు ఫిర్యాదు చేయడం ఆ తర్వాతే. వాళ్ళకు మన గొడవ అక్కర్లేదు, ఇద్దరినీ పక్కన పెట్టి మిమిక్రీ వాళ్ళను పిలుచుకుంటారు.

ఇంటర్నెట్‌లోంచి వీడియో తీసేయించడానికి అది ఉన్న వెబ్‌సైట్ వాళ్ళకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం ప్రకారం 36 గంటల్లో అందుబాటు ఆపాలి. కానీ 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్ళీ పెట్టేయవచ్చు. దావా వేస్తానని హామీ కూడా ఫిర్యాదులోనే రాయాలి, కాబట్టి లాయర్‌తో మాట్లాడకుండా ఇది మొదలుపెట్టకండి. దావా అవతలివాడు ఉన్న ఊళ్ళోనే వేయాలనేం లేదు, మీరు ఉండే చోటి జిల్లా కోర్టులోనూ వేయవచ్చు.

తీసింది మీరేనని తేలితే

ఇది కూడా జరుగుతుంది. ఎప్పుడో చూసింది మనసులో ఉండిపోయి, సొంత ఆలోచనలా బయటికి వస్తుంది. తెలిసిన రోజే ఆ వీడియో జనానికి కనపడకుండా దాచండి, డిలీట్ చేయకండి. డిలీట్ చేస్తే రుజువు మాయం చేశారంటారు. ఒప్పుకున్న బుకింగులు ఉంటే అవతలివారికి ఫోన్ చేసి వాటి తేదీలు చెప్పి, ఆ షోల వరకు అనుమతి అడగండి, ఫీజు అడిగితే ఇవ్వండి. అప్పటికే నేర్పిన శిష్యులు ఎవరెవరో జాబితా రాసి, ఒక్కొక్కరికీ సృష్టికర్త పేరు, అనుమతి సంగతి మెసేజ్ పెట్టండి. నోటుపుస్తకంలో ఆ ఐటెం పేజీ తీసి, "నాది" అని రాసిన చోట కొట్టేసి, పక్కన అసలు పేరు, తేదీ రాయండి. పేజీ మాత్రం చింపకండి.